ఇరమ్ మంజిల్: సర్కారు కొన్న ఇల్లు, అవామ్‌కు మిగిలిన అమానత్



మా చిన్నప్పుడు కోదాడలో మామూ ఇంట్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: ఎర్రమంజిల్. మామూ చిన్న కాంట్రాక్టర్. కంకర రోడ్లు, కల్వర్టులు వేసేవాడు. టెండర్ అయినా, బిల్లు అయినా, పెద్ద సాబుల మంజూరీ అయినా కదలాలంటే హైదరాబాద్ పోవాలి. అప్పుడు రాత్రే కాగితాలు సంచిలో సర్ది, "పొద్దుగాల ఎర్రమంజిల్ పోవాలె" అనేవాడు. నానీ గుమ్మం దాకా వచ్చి "ఖైర్ సే జావో బేటా" అని దువా చేసేది. నా దృష్టిలో ఎర్రమంజిల్ అంటే మామూ కాగితాలు పోయి కూర్చునే చోటు, అంతే.

ఏడో తరగతి సెలవుల్లో ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయాడు. గుట్ట ఎక్కాం. ఎదురుగా పెద్ద మహల్. ఎత్తయిన కప్పు, గోడల మీద సున్నంతో తీర్చిన పూలు, తీగలు. వాటి కింద ఇనుప బీరువాలు, గుడ్డలో కట్టిన ఫైళ్ల బస్తాలు, కిటికీ చువ్వకు వేలాడే టిఫిన్ డబ్బా. మామూ లోపలికి పోయినంతసేపూ నేను మెట్ల మీద కూర్చుని ఆ పూలను చూస్తూ ఉన్నాను. ఆయన బయటికి రాగానే అడిగాను:

"మామూ, ఇది ఎవరి ఇల్లు?"

"ఇల్లేందిరా? సర్కారీ దఫ్తర్ ఇది."

మామూ చెప్పింది నిజమే, కాని సగమే. మిగతా సగం తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ సగం గురించే ఈరోజు రాస్తున్నాను.

ఆ మహల్ అసలు పేరు ఇరమ్ మంజిల్. కట్టించినవారు నవాబ్ ఫఖ్రుల్ ముల్క్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ జమానాలో రియాసత్‌లోని పెద్ద ఉమరాలలో ఒకరు, అదాలత్, తాలీమ్ శాఖలు చూసిన వజీర్. ఖైరతాబాద్, పంజాగుట్టల మధ్య ఉన్న ఆ గుట్టను తెలుగువాళ్లు ఎర్రగడ్డ అనేవాళ్లు. మహల్‌కు ఎర్ర రంగు వేయించారు. తెలుగు నోటికి అది ఎర్ర మంజిల్ అయింది. నవాబు గారు ఆ తెలుగు మాటకు దగ్గరగా వినిపించే ఫార్సీ మాటను ఎంచుకుని ఇరమ్ మంజిల్ అని పేరు పెట్టారు. ఇరమ్ అంటే ఫార్సీ, ఉర్దూ సాహిత్యంలో జన్నత్ లాంటి తోట. కింద కూలి చేసేవాడు ఎర్ర అన్నా, పైన దర్బారులో కూర్చున్నవాడు ఇరమ్ అన్నా చెవికి ఒకటే మాట. దక్కన్‌లో తెలుగు, ఉర్దూ పక్కపక్కన ఎట్లా బతికాయో చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

ఖురాన్ చదివేవాళ్లకు ఇరమ్ అనగానే ఇంకోటి గుర్తొస్తుంది. సూరయె ఫజ్ర్‌లో ఆద్ జాతి ప్రస్తావనతో పాటు ఇరమ్ పేరు, దాని ఎత్తయిన స్తంభాల ప్రస్తావన వస్తాయి. అంత బలం, అంత గొప్ప నిర్మాణం ఉన్నవాళ్లు ఏమయ్యారో చూడమని అక్కడ హెచ్చరిక. షద్దాద్ అనే బాద్‌షా భూమ్మీదే జన్నత్ కట్టించి, అందులో అడుగు పెట్టకముందే చనిపోయాడని మన ఇళ్లలో పెద్దలు చెప్పే కిస్సా కూడా ఆ పేరు చుట్టూ అల్లుకున్నదే. పేరు పెట్టేటప్పుడు నవాబు గారి మనసులో ఈ రెండో అర్థం ఉందో లేదో అల్లాహ్‌కే తెలుసు. ఆ భవనం నసీబ్ మాత్రం రెండు అర్థాల మధ్యే నడిచింది.

మహల్‌లో 150కి పైగా గదులు. యూరపు పద్ధతి, మన పద్ధతి కలిసిన కట్టడం. చుట్టూ పోలో మైదానం, తొమ్మిది గుంతల గోల్ఫ్ మైదానం, గుర్రపు శాలలు, పాల డెయిరీ. పెద్ద పెద్ద దావత్‌లు జరిగేవి. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మన బిరాదరీలో కొందరు ఈ మహళ్ల గురించి మాట్లాడేటప్పుడు "అవి మనవి" అంటారు. భాయీ, ఎట్లా మనవి? సూర్యాపేటలో మా దాదా జట్కా తోలాడు. ఆయన తరంలో మా చుట్టుపక్కల ముసల్మానులు దూదేకేవాళ్లు, గాజులు అమ్మేవాళ్లు, కౌలు రైతులు, కచేరీలో చప్రాసీలు. నవాబుల దావత్‌లలో మనవాళ్లు వడ్డించి ఉంటే ఉండొచ్చు, కూర్చుని మాత్రం తినలేదు. రియాసత్‌లో ఉమరాల వైభవానికి జాగీర్ల ఆమ్దనీయే ఆధారం. ఆ ఆమ్దనీ ఊళ్లలో రైతు చెమట. మన పాత నల్లగొండ జిల్లాలోనే, జనగామ తాలూకాలో, దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్లతో భూమి కోసం అదాలత్‌లో పోరాడి చివరికి ప్రాణం ఇచ్చిన షేక్ బందగీ కూడా ముసల్మానే. కాబట్టి ఇరమ్ మంజిల్‌ను చూసినప్పుడు నాకు గర్వం ఒక్కటే కలగదు. ఆ సున్నపు పూలు తీర్చిన మేస్త్రీ చేతి మీద మొహబ్బత్ కలుగుతుంది. ఆ సున్నానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ఫికర్ కూడా కలుగుతుంది.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగి హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిసింది. 1949లో జాగీర్ల రద్దు ఫర్మాన్ వచ్చింది. తరతరాలుగా వచ్చే రాబడి ఆగిపోయింది. కొంత ముఆవజా వచ్చింది గాని, 150 గదుల ఇంటికి ఏటా సున్నం వేయించడానికి, నౌకర్లకు తన్ఖా ఇవ్వడానికి అది ఎక్కడ సరిపోతుంది? నగరంలో ఎన్నో దేవిడీలు ఆ రోజుల్లో చేతులు మారాయి, ముక్కలయ్యాయి. ఇంకోవైపు కొత్త సర్కారుకు దఫ్తర్లు కావాలి. ఒకరికి ఇల్లు బరువు, ఇంకొకరికి చోటు కరువు. ఆ పరిస్థితిలో, 1950ల తొలినాళ్లలో, ఇరమ్ మంజిల్ నవాబు ఖాందాన్ నుంచి సర్కారు చేతికి వచ్చింది. ఫఖ్రుల్ ముల్క్ అప్పటికే 1934లో చనిపోయారు. కొన్నాళ్లు పాత రికార్డులు పెట్టే చోటుగా ఉండి, తర్వాత రోడ్లు భవనాల శాఖ, నీటిపారుదల శాఖల ఇంజనీర్ల దఫ్తర్ అయింది.

సర్కారు ఇట్లా మహల్ కొనడం అప్పటికి కొత్తేమీ కాదు. ఫలక్‌నుమాను వికారుల్ ఉమరా సొంతానికి కట్టించుకుంటే 1890ల చివర్లో అది ఆరో నిజాం చేతికి పోయింది, ఇప్పుడు హోటల్. కింగ్ కోఠీ కమాల్ ఖాన్ అనే ఆయనదని, తలుపుల మీద ఆయన పేరు మొదటి అక్షరాలు రెండు కే లు ఉండటం వల్లే కొన్న తర్వాత కింగ్ కోఠీ అన్నారని చెప్పుకుంటారు. అందులో ఒక భాగం ఇప్పుడు సర్కారీ దవాఖానా. బేగంపేటలోని పైగా ప్యాలెస్ హుడా ఆఫీసుగా ఉండి, 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ అయింది. కోఠీ రెసిడెన్సీలో 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ నడిచింది.

మన మిర్యాలగూడ, కోదాడ రైతులకు ఇరమ్ మంజిల్‌తో ఉన్న రిష్తా వేరు. అది నవాబు పోయాక మొదలైంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువల్లోకి నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ కాలువ అని పేరు పెట్టిన ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల నేలను తడిపింది. జొన్న, సజ్జ పండే ఊళ్లలో వరి వచ్చింది, మిర్యాలగూడలో రైస్ మిల్లులు బారులు తీరాయి. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు. ఈ కాలువలు, తూములు, లస్కర్ల వ్యవహారమంతా ఏ శాఖ కింద నడుస్తుందో ఆ శాఖ పెద్ద ఇంజనీర్లు కూర్చున్నది ఆ గుట్ట మీదే. ఇప్పటికీ నీటిపారుదల శాఖ జలసౌధ పక్కనే ఉంది. ఒకప్పుడు ఊళ్ల ఆమ్దనీ మహళ్ల వైపు పోయేది. తర్వాతి రోజుల్లో అట్లాంటి ఒక మహల్‌లో కూర్చున్నవాళ్ల సంతకంతో ఊళ్లకు నీళ్లు వచ్చాయి. భవనం కొనడం వల్ల జరిగిన అసలు మార్పు నాకు ఇందులో కనిపిస్తుంది.

హైదరాబాద్ రియాసత్ ఇంజనీర్, నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు కూడా ఇక్కడ చెప్పాలి. ఆయన పుట్టిన రోజు జులై 11న తెలంగాణ ఇంజనీర్ల దినం జరుపుతుంది. నవాబ్ అనగానే దావత్‌లు, షికార్లే గుర్తు రాకూడదు. కొలత గొలుసు పట్టుకుని నీటి దారి వెతికిన నవాబులూ మనకు ఉన్నారు.

దఫ్తర్ కావడం ఇరమ్ మంజిల్‌ను కాపాడింది, అరగదీసింది కూడా. దఫ్తర్ కాకపోతే ఆ గుట్ట ఎప్పుడో ప్లాట్లుగా అమ్ముడుపోయేది. దఫ్తర్ అయ్యాక హాళ్లను అడ్డుగోడలతో గదులు చేశారు, పూల మీదుగా కరెంటు తీగలు లాగారు. మైదానాల్లో క్వార్టర్లు, కొత్త బిల్డింగులు లేచాయి. ఢిల్లీలో హైదరాబాద్ హౌస్ ఉంది చూడండి. ఏడో నిజాం కోసం లుట్యెన్స్ రూపొందించిన మహల్. ఇప్పుడు కేంద్ర సర్కారు విదేశీ మెహమాన్లను అక్కడే కూర్చోబెడుతుంది. అందుకని అది అద్దంలా ఉంటుంది. మెహమాన్లు వచ్చే ఇంటికి ఏటా రంగులు పడతాయి. అర్జీదారులు వచ్చే ఇంట్లో సున్నం రాలినా పట్టించుకునేవాళ్లు ఉండరు. పారిస్‌లోని లూవ్ర్ మహల్‌లో కూడా ఒక భాగం 1989 దాకా ఆర్థిక శాఖ దఫ్తరే. దాన్ని ఖాళీ చేయించి, బాగుచేసి, 1993లో మ్యూజియంలో కలిపి జనానికి తెరిచారు. అంటే దఫ్తర్ అయినంత మాత్రాన మహల్ పని అయిపోయినట్టు కాదు. దఫ్తర్ పోయాక ఏం చేస్తామన్నదే అసలు సవాల్.

ఆ సవాల్ మన దగ్గర 2019లో వచ్చింది. జూన్ 18న రాష్ట్ర కేబినెట్ ఇరమ్ మంజిల్ చోట కొత్త శాసనసభ, సైఫాబాద్‌లో కొత్త సచివాలయం కట్టాలని నిర్ణయించింది. జూన్ 27న రెండింటికీ ఒకే రోజు శంకుస్థాపన జరిగింది. నగరంలో పాత కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్లు, నవాబు ఖాందాన్ వారసులు హైకోర్టుకు పోయారు.

వాదన ఇదీ. హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన కింద వారసత్వ కట్టడాల జాబితా ఒకటి ఉండేది. అందులో ఇరమ్ మంజిల్ ఉంది. 2015 డిసెంబర్‌లో సర్కారు ఆ నిబంధనను రద్దు చేసింది. 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చింది. పాత నిబంధన పోయింది, కొత్త చట్టం కింద ఈ భవనం రక్షిత కట్టడం కాదు, పైగా శిథిలమైంది, కాబట్టి కూల్చవచ్చు అన్నది సర్కారు మాట. 2019 సెప్టెంబర్ 16న చీఫ్ జస్టిస్ రాఘవేంద్ర సింగ్ చౌహాన్, జస్టిస్ షమీమ్ అఖ్తర్‌ల బెంచ్ ఆ మాట ఒప్పుకోలేదు. ఆ భవనానికి ఉన్న రక్షణ అట్లా ఆవిరైపోదని, చట్టం చెప్పిన దారిలో పోకుండా చేసిన నిర్ణయం చెల్లదని చెప్పి, శాసనసభ కోసం ఇరమ్ మంజిల్‌ను కూల్చాలన్న కేబినెట్ నిర్ణయాన్ని కొట్టివేసింది.

సైఫాబాద్ నసీబ్ వేరుగా తేలింది. పిటిషన్లను హైకోర్టు 2020 జూన్ 29న కొట్టివేసింది. జులైలో కూల్చివేత మొదలైంది. ఆరో నిజాం కాలం నాటి సైఫాబాద్ మహల్, మనం జీ బ్లాక్ అని పిలిచింది, పోయింది. ఆ ప్రాంగణంలోని రెండు మసీదులు, నల్లపోచమ్మ గుడి కూడా నేలమట్టమయ్యాయి. ఆ రోజుల్లో మన ఇళ్లలో ఎంత బాధపడ్డామో మీకు తెలుసు. కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న తెరుచుకుంది. మసీదులు, గుడి, చర్చి అదే ఏడాది ఆగస్టు 25న తెరుచుకున్నాయి, అల్‌హమ్దులిల్లాహ్. మసీదు తిరిగి వచ్చింది, మహల్ తిరిగి రాలేదు.

ఇందులో మనం గ్రహించాల్సిన ఫర్క్ ఒకటుంది. మసీదు వక్ఫ్. దానికి బైనామా రాసే హక్కు ఎవరికీ లేదు. మహల్ సొంత ఆస్తి, అమ్ముడుపోతుంది. ఇరమ్ మంజిల్ అట్లాగే చేతులు మారింది. "మా నవాబుల మహల్ మాకివ్వండి" అనే హక్కు ఒక మజ్‌హబ్‌గా మనకు లేదు. కాని కొన్నది ఎవరు? ఖజానా. ఖజానా ఎవరిది? పన్ను కట్టినవాళ్లది. మిర్యాలగూడలో ధాన్యం అమ్మిన రైతుది, సూర్యాపేటలో బడ్డీకొట్టు నడిపినవాడిది, కోదాడలో కంకర మోసిన ఆడమనిషిది. వాళ్ల తరఫున, వాళ్ల పైసలతో కొన్న వస్తువుకు సర్కారు మాలిక్ కాదు, అమీన్. దీన్‌లో అమానత్ గురించి మనకు నేర్పిన పాఠం ఇదే: అప్పజెప్పినదాన్ని వాడుకోవచ్చు గాని పాడుచేయకూడదు, అడిగిన రోజు లెక్క చూపాలి. హైకోర్టు కానూన్ భాషలో చెప్పినదాన్ని నేను నా జబాన్‌లో ఇట్లా అర్థం చేసుకున్నాను.

మన జిల్లా విషయానికి వద్దాం. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట జిల్లా అయింది. కొత్త కలెక్టరేట్ భవనం 2023 ఆగస్టు 20న మొదలైంది. అన్ని శాఖలు ఒక్క కప్పు కింద ఉండటం జనానికి సౌకర్యమే, నేను కాదనను. కాని దఫ్తర్లు కొత్త చోటికి పోయినప్పుడల్లా వెనుక ఒక పాత గది, ఒక పాత బీరువా మిగులుతాయి. వాటిలో ఏముందో చూడకుండా తాళం వేస్తే చెదలకు దావత్ ఇచ్చినట్టే. నిజాం కాలపు తాలూకా కాగితాలు ఉర్దూలో ఉంటాయి. కచేరీ, దస్తావేజు, జమాబందీ, అర్జీ, దాఖలా, మంజూరు, వసూలు, బకాయి, నకలు, రాజీనామా... ఈ మాటలన్నీ తెలుగు రైతు రోజూ వాడతాడు. అవి ఉర్దూ దఫ్తర్ నుంచి వచ్చాయని ఆయనకు ఎవరూ చెప్పరు, మనమూ చెప్పుకోం. మహల్ సర్కారు చేతికి పోతే ఒక గోడ పోయినట్టు. ఆ లిపి చదవగలిగినవాళ్లు పోతే ఆ ఇంటి తారీఖ్ అంతా పోయినట్టు.

అందుకని మీ ఇంట్లో సందూకు అడుగున ఉన్న పాత కాగితాలు తీయండి. సేత్‌వార్ నకలు, 1954-55 ఖస్రా పహాణీ, దాదా పేరు మీది బైనామా, ఏదైనా సరే. ఇంట్లో ఉర్దూ చదివే పెద్దవాళ్లు ఉంటే పక్కన కూర్చుని చదివించండి, పిల్లలతో తెలుగులో రాయించండి. నిజాం సర్కారు రికార్డుల గురించి తెలుసుకోవాలంటే తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. మీ ఊళ్లో పాత కచేరీ, ముసాఫిర్ బంగ్లా ఏదైనా నిలబడి ఉంటే ఒక ఫోటో తీసి, దాని గురించి పెద్దలు చెప్పింది నాలుగు ముక్కలు రాసి పెట్టండి. కూల్చే రోజు వస్తే, అది ఏమిటో చెప్పగలిగినవాడు ఒక్కడైనా ఉండాలి.

పోయిన నెల పని మీద హైదరాబాద్ పోయాను. సూర్యాపేట బస్సు ఎల్బీనగర్‌లో దింపింది. అక్కడ మెట్రో ఎక్కితే మారకుండా నేరుగా ఎర్రమంజిల్. ఆ మెట్రో దారి పేరు కూడా రెడ్ లైనే. స్టేషన్ బోర్డు మీద తెలుగులో ఎర్రమంజిల్ అని ఉంది. నాతో మామూ మనవడు ఉన్నాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. గుట్ట వైపు చూపించగానే వాడు అడిగాడు: "చచ్చా, అది ఎవరి ఇల్లు?"

ఈసారి పూర్తి జవాబు చెప్పాలనుకున్నాను. నవాబు పేరు చెప్పాను, ఇరమ్ అంటే ఏమిటో చెప్పాను, సాగర్ కాలువ గురించి, కోర్టు ఫైసలా గురించి చెప్పాను. వాడు అంతా విని, "అంటే ఇప్పుడు మనదే కదా?" అన్నాడు.

మనదే బేటా. మనది ఒక్కరిదే కాదు, అందరిదీ. అందుకే దాన్ని చూసుకునే జిమ్మేదారీ కూడా మనదే.

ఖుదా హాఫిజ్.